పట్టాలేని దరువు

మన భాషలో ‘నాటు’ అను మాటకు విచిత్రమైన చరిత్ర కలదు. నాడు అనగా దేశము. ఆ దేశమున పుట్టినది నాటు. దానికెదురుగా నిలుచు మాట ‘సీమ’. సీమసున్నము, సీమచింత, సీమసరకు అనునపుడు సముద్రము దాటి వచ్చినదను గౌరవము ధ్వనించును. నాటువైద్యము, నాటుసారా, నాటుబండి అనునపుడు ముంగిటనే పుట్టినదను చులకన ధ్వనించును. నాటుకోడి యొక్కటి మాత్రము ఈ నడుమ ధర పెరిగి గౌరవము సంపాదించుకొన్నది. తక్కినవానికి ఆ భాగ్యము పట్టలేదు.

సంస్కృత లక్షణకర్తలు ఈ నాటు అను నర్థముననే ‘దేశి’ యనిరి. మతంగముని తన సంగీతగ్రంథమునకు బృహద్దేశి యనియే పేరిడెను. కాకతి గణపతిదేవుని గజసేనాధిపతియైన జాయప 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించి, దాని యెనిమిది అధ్యాయములలో మొదటి నాలుగు మార్గమునకును, కడపటి నాలుగు దేశికిని ఇచ్చెను. ఏనుగుల దండు నడపిన సేనాని సరిసగముగా పంచెను. తరువాతి పండితులలో ఆ పంపకమును నిలిపినవారు తక్కువ. మార్గము సభలోనికి పోయినది. దేశి వీథిలో నిలిచినది.

2023 మార్చి 12వ తేదీ రాత్రి అమెరికాలోని లాస్ ఏంజెల్సు నగరమున, ఆస్కారు బహుమాన సభలో, ఈ ‘నాటు’ అను మాటను జంటగా చదివిరి. భారతీయ చలనచిత్రము నందలి పాటకు ఆ బహుమానము దొరకుట అదియే మొదలు. అంతకు ముందు 2009లో ఎ. ఆర్. రెహమాను గారికి వచ్చినది ఆంగ్లేయులు తీసిన చిత్రమునకు. ఆ రాత్రి పోటీలో నిలిచినవారిలో లేడీ గాగా, రిహానా వంటి జగద్విఖ్యాతలు ఉండిరి. బహుమానము అందుకొన్నవారు ఇద్దరు: బాణీ కట్టిన కోడూరి మరకతమణి కీరవాణిగారు, మాటలు కూర్చిన చంద్రబోసుగారు. ఒకరిది గోదావరి గట్టునగల కొవ్వూరు. మరియొకరిది పాత వరంగల్లు జిల్లాలోని చల్లగరిగ యను పల్లె.

ఈ వ్యాసమున నేను రెండు చరిత్రలు చెప్పదలచితిని. ఒకటి ఆ సంగీతకర్తది. రెండవది ఆయన వాడిన దరువుది. మొదటిది చెప్పుట సులభము, దానికి తేదీలున్నవి. రెండవదానికి తేదీలు లేవు, పేర్లు లేవు, వ్రాతపత్రము లేదు. గిరిజనుని పోడుభూమివలె అది తరతరములుగా సాగుబడిలో నున్నను పట్టాలేని ఆస్తి.

కీరవాణిగారు 1961 జూలై 4న జన్మించిరి. తండ్రి శివశక్తి దత్తగారు చిత్రకారులు, కవి, సంగీతప్రియులు. కుమారునకు ఇరువదియొకటవ మేళకర్త పేరు పెట్టిరి. బాలుడు వయొలిను నేర్చెను. 1987లో మద్రాసున చక్రవర్తిగారి వద్ద సహాయకుడుగా చేరెను. చక్రవర్తిగారు వందలకొలది చిత్రములకు బాణీలు కట్టినవారు. ఉదయమొక పాట, మధ్యాహ్నమొక పాట రికార్డు చేయు నాటి మద్రాసు స్టూడియోలలో శిష్యునకు పాఠము చెప్పు తీరిక యెవరికి నుండును? చూచి నేర్చుకొనుటయే చదువు. 1990లో మనసు మమతతో ఆయన పేరు తెరమీదికి వచ్చినది. మరుసటి యేట సీతారామయ్యగారి మనవరాలును క్షణక్షణమును వెంటవెంటనే వచ్చినవి. ఒకటి పల్లెటూరి ఉమ్మడికుటుంబపు కథ, మరియొకటి పట్టణపు దొంగల పరుగు. ఆ రెంటికిని ఒకే మనిషి సంగీతము సమకూర్చెనని వినువారికి తోచదు. ఆ యేడే బాలచందరుగారి అళగన్‌తో తమిళులు ఆయనను మరకతమణి యని పిలువసాగిరి. హిందీవారికి క్రీము అయ్యెను. ఒక్క మనిషి మూడు భాషలలో మూడు పేర్లతో చెలామణి యగుట వర్తకనీతియే కావచ్చును. కాని ప్రతి భాషవారును తమవాడే యనుకొనునట్లు పాట కట్టుట వర్తకముతో వచ్చు విద్య కాదు.

1997లో వచ్చిన అన్నమయ్య చిత్రమునకు ఆయనకు జాతీయ పురస్కారము లభించినది. ఇక్కడ ఒకమాట చెప్పి ముందుకు సాగెదను. తాళ్లపాక అన్నమాచార్యులు పదునైదవ శతాబ్దమున ఏమి చేసెను? ఊరి స్త్రీలు దంచునప్పుడు పాడు సువ్విపాటను, తొట్టెలవద్ద లాలిపాటను, సంక్రాంతి గొబ్బిపాటను, వసంతపు జాజరను తెచ్చి వేంకటేశ్వరుని ముందుంచెను. దేశి గుడిలోనికి అడుగిడినది. అయితే ఆ పదములు నేటికి మిగులుటకు కారణము, ఆయన వంశమువారు వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల గుడిలో భద్రపరచుట. రాగిరేకు మన దేశమున దానపత్రము వ్రాయు లోహము. ఆ పాటల మాటలకు పట్టా దొరకినది. దంచుచు పాడిన ఆడువారి రోకటిపోటుకు ఎవ్వరును రేకు చెక్కింపలేదు.

తరువాత కీరవాణిగారు తన బంధువగు రాజమౌళిగారి చిత్రములకు సంగీతము కూర్చిరి. 2015లోను 2017లోను వచ్చిన బాహుబలి రెండు భాగములు తెలుగు ఎరుగని దేశములలో గూడ ఆడినవి. 2022 మార్చి 25న ఆర్.ఆర్.ఆర్. విడుదల యైనది. దానిలోనిదే ‘నాటు నాటు’.

ఆ పాటయందు నడచునది ఆరు మాత్రల దరువు. తకిట తకిట యని నడచునది. శాస్త్రమున తిస్రగతి యందురు. పెండ్లి ఊరేగింపున, జాతర ప్రభలముందర, మన చెవులు పుట్టినది మొదలు విన్న నడక. దానిని వినినప్పుడు కాలు కదలకుండుటకు ప్రయత్నము కావలెను; కదలుటకు అక్కరలేదు. కీరవాణిగారు దానికి చర్మవాద్యమగు డప్పునే ఆధారముగా పెట్టుకొనిరి. చంద్రబోసుగారు పాటలో నూటికి తొంబదిపాళ్లు ఒక్క పూటలో వ్రాయగలిగితిననియు, తక్కిన పదిపాళ్లకు ఏడాదియు ఏడు నెలలును పట్టినదనియు చెప్పియున్నారు. కవిత్వము వ్రాయువారికి ఇది వింత కాదు. పల్లెలో తాను ఎరిగిన పొలము, జాతర, మఱ్ఱిచెట్టు, జొన్నరొట్టె ఇత్యాదులనే ఆయన అందు పేర్చిరి.

నృత్యమును ప్రేమ్ రక్షిత్‌గారు కూర్చిరి. 2021 ఆగస్టులో ఉక్రెయిను రాజధానియైన కీవు నగరమున, మరియిన్‌స్కీ ప్రాసాదముముందర దానిని చిత్రించిరి. ఆరునెలలు తిరుగకమునుపే, 2022 ఫిబ్రవరి 24న, ఆ దేశముపై రష్యా దండెత్తినది. చిత్రము ప్రజలయెదుటికి వచ్చునాటికి ఆ పచ్చికబయలు గల నగరముపై బాంబులు పడుచుండెను. మరుసటి యేట ఉక్రెయిను సైనికులు కొందరు తమ యుద్ధమునకు తగినట్లు ఆ పాటను మార్చి, యూనిఫారములతో ఆడి చూపిరి. ఢిల్లీలోని దక్షిణ కొరియా రాయబార కార్యాలయపు ఉద్యోగులు 2023 ఫిబ్రవరిలో ఆడిరి. జపానులో చిత్రము నెలలకొలది ఆడెను. అమెరికాలోని ఒక నాటకశాలలో ప్రేక్షకులు కుర్చీలు విడిచి తెరముందరికి పరుగెత్తి గంతులు వేసిరి. వీరిలో తెలుగు తెలిసినవారెందరు? మాటల యర్థము తెలియక ఆడినవారందరును దేనికి ఆడిరి? దరువునకు ఆడిరి.

ఇక రెండవ చరిత్ర.

గుండ్రని కొయ్యచట్రము, దానిపై బిగించిన మేకతోలు. కుడిచేత లావుపాటి సిర్ర, ఎడమచేత సన్నని సిటికెన పుల్ల. వాయించుటకు ముందు గడ్డి మంటయందు కాచి తోలు బిగియనిత్తురు. ఇంతే డప్పు. దీనికన్న తక్కువ ఖర్చుతో, ఇంతకన్న ఎక్కువ దూరము వినబడు వాద్యమును మనుష్యుడు కల్పింపలేదని నా యభిప్రాయము. సర్కారు ఆజ్ఞ చాటుటకు అదియే, చెరువుపనికి పిలుచుటకు అదియే, అమ్మవారిని ఊరేగించుటకు అదియే, శవమును సాగనంపుటకు అదియే. ఏ సందర్భమున ఏ దెబ్బ వేయవలెనో వేర్వేరుగా కలదు. ఊరిలో ముసలివారు మంచముమీద పరుండియే, దెబ్బ విని, చావో జాతరో చెప్పగలిగెడివారు.

దానిని వాయించినవాడు మాదిగ. చచ్చిన పశువును మోసినవాడును, తోలు తీసినవాడును, ఆ తోలుతో మన కాలికి చెప్పు కుట్టినవాడును, అదే తోలుతో డప్పు కట్టినవాడును ఒక్కడే. ఊరి డప్పు వెట్టిచాకిరిలో చేరినది. కూలి యడుగు హక్కు లేదు, రానని చెప్పు హక్కు అంతకన్న లేదు. అమ్మవారి ఘటము డప్పు మ్రోగనిదే కదలదు. గుడి గడప మాత్రము డప్పుగానికి దూరము. మన యిండ్ల పెండ్లిండ్లలో సన్నాయిమేళము పందిటిలో చాపమీద కూర్చుండును; డప్పు వీథిలో నిలుచును. ఈ వాక్యము చదువు గృహిణులు తమ యింట జరిగిన కడపటి పెండ్లిని ఒకసారి తలచుకొనవలెనని కోరుచున్నాను. డప్పుగాండ్రకు అన్నము ఎక్కడ పెట్టిరి? ఏ యాకులో పెట్టిరి?

మాలపిల్ల చిత్రము 1938లో వచ్చినది. గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన ఆ చిత్రము అస్పృశ్యతనుగూర్చి మన మధ్యతరగతి కుటుంబములలో పెద్ద వాదములు పుట్టించినది. అప్పటినుండి మన చలనచిత్రములు జానపదుల బాణీలను వాడుకొనుచునే యున్నవి. వాద్యము వచ్చినది, వాద్యగాడు వెనుకనే యుండెను. డప్పును గౌరవచిహ్నముగా పైకెత్తినవారు చిత్రములవారు కారు, ఆ జాతివారే. 1994 జూలై 7న ప్రకాశము జిల్లా ఈదుముడిలో మాదిగలు తమ హక్కులకై ఉద్యమము నారంభించి, దానికి ‘దండోరా’ యని పేరుపెట్టుకొనిరి. ఇతరుల యాజ్ఞను చాటిన డప్పు ఆనాడు తన మాటను చాటుకొన్నది. తెలంగాణా రాష్ట్రోద్యమమున డప్పు మ్రోగని సభ యరుదు. నేడు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఇచ్చు పింఛనులలో డప్పుకళాకారులది ప్రత్యేకముగా ఒక వర్గము. వెట్టిలో పుట్టినవాడు ‘కళాకారుడు’ అను పేరును సర్కారు కాగితముపై చూచుకొనుట చిన్న సంగతి కాదు.

డప్పు వాయించువానికిని దాని మ్రోతతో కీర్తి పొందినవానికిని గల ఈ యంతరము మన దేశమునకే పరిమితమా? ఆస్కారు సభలో పోటీపడిన రిహానా పుట్టినది కరీబియను ప్రాంతమునగల బార్బడోసు దీవిలో. అక్కడికి దక్షిణముగా ట్రినిడాడు అను దీవి కలదు. అచ్చట జరిగిన దానిని మనవారు తప్పక తెలిసికొనవలెను. ఏలయన దానిలో మనవారి పాలు కలదు.

ట్రినిడాడులో చెరకుతోటలకు మొదట ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు పనిచేసిరి. 1838 నాటికి బానిసత్వము పూర్తిగా తొలగినది. తోటల యజమానులకు కూలీలు కావలసివచ్చిరి. 1845 మే 30న ఫతేల్ రజాక్ అను ఓడ మొదటి భారతీయ కూలీలను అచ్చటికి చేర్చినది. 1917 వరకు సాగిన ఈ ఒడంబడిక కూలివలసలో లక్షా నలుబదివేలకు పైగా జనము పోయిరి. ఎక్కువమంది కలకత్తా రేవునుండి పోయిన హిందుస్థానీలు; మద్రాసు రేవునుండి పోయినవారు కొద్దివేలు, వారిలో అరవలును తెలుగువారును కలసియుండిరి. దీవిలో అందరికిని ‘మద్రాసీ’ యను ఒక్క పేరే మిగిలినది. ఇంటిపేరు, ఊరిపేరు ఓడలోనే పోయినవి.

ఇంగ్లీషు దొరలకు ఆ దీవిలో రెండు జాతుల చప్పుడును భయము కలిగించెను. 1881లో ఉత్సవవేళ నీగ్రోలకును పోలీసులకును కలహము జరిగినపిదప, 1884 నాటి శాసనముతో మృదంగములను అణచిరి. ఆ యేడే అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో పట్టణమువద్ద, తాసా డోళ్లు మ్రోగించుచు మొహర్రము ఊరేగింపునకు వచ్చిన భారతీయ కూలీలపై కాల్పులు జరిపిరి. డోలును చూచి తుపాకి భయపడుట చరిత్రలో తరచుగా కనబడును.

ఆ దీవిలోని లెంగువా యను పల్లెలో, చెరకుతోటల భారతీయుల నడుమ, 1941లో గార్ఫీల్డు బ్లాక్‌మన్ అను నీగ్రో బాలుడు పుట్టెను. ఆజానుబాహువైనందున పరిహాసముగా ‘పొట్టివాడు’ అను నర్థమిచ్చు షార్టీ యను పేరు నిలిచినది. లార్డ్ షార్టీ యను బిరుదనామముతో కలిప్సో పాటలు పాడి ప్రసిద్ధుడయ్యెను. 1970 నాటికి జమైకా దేశపు రెగ్గే సంగీతముముందర కలిప్సో వెలవెలబోవుచున్నదని అతనికి తోచినది. ఔషధము ఇరుగుపొరుగున దొరకినది. చిన్ననాట తాను విన్న డోలకు, ధంతాలుల నడకను తెచ్చి కలిప్సోలో కలిపెను. 1973లో ‘ఇంద్రాణి’ యను పాట పాడెను. కలిప్సోను చెరచుచున్నాడని అతనివారు కొందరు ఆక్షేపించిరి; భారతీయులలోను కొందరికి అది రుచింపలేదు. అప్పుడతడు చేసిన యుపాయము గమనింపదగినది. డోలకును తొలగించి, దాని దరువును మాత్రము పాశ్చాత్యపు డ్రమ్ములపైకిని గిటారుపైకిని మార్చెను. దరువు నిలిచినది, వాద్యము మాయమైనది. 1974లో ఆ పద్ధతి జయించినది. ఆ సంగీతమునకతడు ‘సోకా’ యని పేరు పెట్టెను. సో యనునది కలిప్సో యొక్క ప్రాణమునకు గుర్తు. కా యనునది మన హల్లులలో మొదటిదగు కకారమునకు గుర్తు. అప్పు తెచ్చిన యింటి పేరును ఒక అక్షరముగానైన తలమీద పెట్టుకొన్నాడు.

తరువాతి కథ వేగముగా నడచినది. మాంట్‌సెరాట్ దీవివాడైన ఆరో 1982లో పాడిన సోకాపాట ఖండఖండాంతరములు చుట్టినది. లండనులో నాటింగ్ హిల్, కెనడాలో టొరంటో, అమెరికాలో బ్రూక్లిను, ఎక్కడ కరీబియను ఉత్సవము జరిగినను నేడు మ్రోగునది సోకాయే. 1987లో ద్రుపతీ రామ్‌గూనయి అను భారతసంతతి యువతి చట్నీసోకా యను పేరుతో పాడెను. ఆడుపిల్ల వీథిలోనికి వచ్చెనని హిందువులలో కొందరు నిందించిరి. ఆమె మానలేదు. షార్టీ యందుకు మునుపే కీర్తిని విడిచి, ఆలుబిడ్డలతో పిపారో అడవులకు పోయి, దైవభక్తి పాటలకు మరలి, 2000 జూలైలో మరణించెను. ఇతరులు దానితో కోట్లు గడించిరి. దరువునకు పట్టా లేదని నేనన్నది ఇందుకే. చట్టము బాణీకి కర్తను గుర్తించును, మాటకు కర్తను గుర్తించును; దరువునకు గుర్తింపదు. తెచ్చినవానికే హక్కు నిలువనప్పుడు, వాని పొరుగింట డోలకు వాయించిన చెరకుకూలీ పేరు ఎవరు వ్రాసికొందురు?

మరల మన కొండలకు వత్తము. నేను పాఠములు చెప్పుచున్నది గంగరాజు మాడుగుల ప్రాంతమున; జి.మాడుగుల యని అందరు వాడుదురు. ఆర్.ఆర్.ఆర్. విడుదలయైన పదవనాడు, 2022 ఏప్రిల్ 4న, ఈ మన్యము అల్లూరి సీతారామరాజు పేర ప్రత్యేక జిల్లాయైనది. ఆ చిత్రమున నాట్యమాడిన వీరులలో ఒకరికి ఆ పేరు, మరియొకరికి కొమరం భీము పేరు. చరిత్రలో ఆ యిద్దరు ఎన్నడును కలిసినవారు కారు. రాజు ఇచ్చటి చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా పడి తుపాకులు కొనిపోయెను. 1924 మే 7న కొయ్యూరువద్ద చంపబడెను. భీము గోండుల నాయకుడై నైజాము ప్రభుత్వముతో పోరి 1940లో జోడేఘాట్‌వద్ద నేలకొరగెను. వారిని కలిపినది కవి కల్పన. కల్పనకు నేను విరోధిని కాను. పురాణములు చదివి పెరిగినవాడను. కాని వారి పోరాటము దేనికొరకో మరువరాదు. 1882 నాటి అడవిచట్టము పోడును అణచినది. చింతపల్లి త్రోవ వేయుటకు కొండవారిచేత అరకూలికి చాకిరి చేయించిరి. పట్టాలేని నేల, కూలిలేని పని, ఇవి రెండే ఆ తిరుగుబాటునకు మూలము.

చిత్రమున ఆ పాటకు ముందు ఒక దొర, మీకు నాట్యమేమి తెలియునని భారతీయుని హేళన చేయును. ఆ ఘట్టమున ప్రేక్షకుల రక్తము ఉడికినది, నాదియు ఉడికినది. తరువాత తీరికగా ఆలోచించితిని. ఆ దొర అన్న మాట డప్పుగాని చెవికి క్రొత్త కాదు. అది మీకు తెలిసిన విద్యయా యని వానితో ముందుగా అన్నది దొర కాదు.

మా మన్యములో థింసా కలదు. స్త్రీలు ఒకరి వెనుకనుండి ఒకరు చేతులు పెనవేసికొని, అర్ధచంద్రాకారముగా నిలిచి, అడుగులో అడుగు కలిపి ఆడుదురు. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు దీనికి వాద్యములు. బోడ థింసా, గుండేరి థింసా, పులివేటను చూపు బాగ్ థింసా యని పలురకములు. ఇటుకల పండుగకును పెండ్లికిని బగతలు, కొండదొరలు, కోదులు, పోర్జలు, వాల్మీకులు తమ తమ రీతుల ఆడుదురు. గణతంత్రదినమున మా పిల్లలు ‘నాటు నాటు’ ఆడిరి. బాగుగా ఆడిరి, తమ జిల్లా పేరుగల వీరుడు ప్రపంచమునందంతట ఆడినాడను గర్వము వారి మొగములలో కనబడెను. ఆ గర్వమును తీసివేయుటకు నేనెవడను? ఒక బాలిక అవ్వ మాత్రము చూచి, “కాళ్లు బాగుండాయి గాని బాబూ, చేతులు ఎవలివి ఆలికే అయిపోనాయి” అని నవ్వినది. ఆ వాక్యము నన్ను చాల దినములు వెన్నాడెను. థింసాలో చేయి విడిచిన వరుస తెగును. తెరమీది యాటలో ఇద్దరు వీరులు, తక్కినవారు వెనుక గుంపు.

మన్యపు భూమిని గిరిజనేతరుడు పొందరాదని 1970 నాటి చట్టము కలదు. ఇచ్చటివారు దానిని ‘ఒకటి డెబ్బది’ యందురు. 2006 నాటి చట్టమును అనుసరించి అడవిలో సాగుచేయువారికి పట్టాలు వచ్చుచున్నవి. దరువునకు ఇట్టి కంచె ఉండవలెనని నేననను. కంచెవేసిన దరువు చచ్చును. షార్టీ పొరుగింటి డోలకు విననిచో సోకా లేదు. కీరవాణిగారు వీథిడప్పు విననిచో ఆ రాత్రి లాస్ ఏంజెల్సులో తెలుగు వినబడదు. విద్వత్తు గల స్వరకర్త తనకు తెలిసిన డెబ్బదిరెండు మేళకర్తలను పక్కకు పెట్టి ఆరుమాత్రలను నమ్ముకొనుట ధైర్యము. దానికి వచ్చిన బహుమానము సార్థకము. అయితే పత్రికలలో ఆ పాటపై నేను చదివిన వ్యాసములలో తెర నటుల పాదరక్షల వర్ణనయు, నర్తకుల అంగీల వర్ణనయు దొరకినవి; డప్పు ఎవరి కులవృత్తియో, వారు దానిని ఎట్లు కాపాడిరో చెప్పినవి అరుదు. పెండ్లిండ్లలో నేడు ఆ పాటను యంత్రములో పెట్టి ఇంటివారందరు, అత్తగార్లతో సహా, ఆడుచున్నారు. సంతోషమే. అదే పందిటిలోనికి డప్పుగానిని పిలిచి, చాప వేసి, తాంబూలముతో సొమ్మిచ్చి, అతని పేరు శుభలేఖలో సన్నాయివిద్వాంసుని పేరు ప్రక్కన అచ్చువేయించిన యిల్లు ఒకటి రెండు నాకు తెలియును. ఆ యిండ్లవారికి ఊరిలో కొంత మాటపడక తప్పలేదు. ఆడువారే పట్టుబట్టి చేయించిరని విన్నాను.

మా పాఠశాలలో ఈ యేడు ఆ అవ్వను వారమునకొక దినము థింసా నేర్పుటకు పిలిచితిమి. మోరి యూదువాడు ఒకడు పొరుగు గ్రామమునుండి కొండ దిగి వచ్చుచున్నాడు. మొదటి నెల గౌరవవేతనము ఇచ్చునపుడు ఖర్చుపట్టికలో వారిని ఏ శీర్షికక్రింద వ్రాయవలెనో తేలలేదు. సంగీతోపాధ్యాయులని వ్రాయుటకు యోగ్యతాపత్రములు కావలెను. కూలీలని వ్రాయుటకు నా మనసొప్పలేదు. రెండుదినములు ఆ కాగితము బల్లమీదనే యున్నది. కడపట ‘థింసా గురువులు’ అని క్రొత్త శీర్షిక గీసి, క్రింద ఇద్దరి పేర్లును వ్రాసితిమి. అవ్వ వ్రేలిముద్ర వేసి, ఆ రెండు మాటలు నాచేత చదివించుకొని పోయినది.